కప్పగుడ్డు శామియానా

ఆ పొద్దు ఆకాశం, ఎవరో దూది ఏకి పడమటి కొండల మీద ఆరబెట్టినట్టుంది. ఆ దూది అడుగున ఇటుకపొడి రంగులో సన్నని చార. రాయచోటి ఊరి చివర, ఆడపిల్లల డిగ్రీ కాలేజీ మైదానంలో గొంతుకూర్చుని వెదురు బద్దకు తాడు చుడుతున్న గౌస్ పీర్ ఆ చారను చూశాడు. చేతులు ఆపలేదు.

"గాలొస్తాది సెట్టీ" అన్నాడు.

"యాడొస్తాది? ఆకు కదల్లా." పెంచలయ్య సెట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విసనకర్రతో తన గాలి తానే విసురుకుంటున్నాడు. "నీ మాట ఇని సుండుపల్లె పెండ్లికి గుంజలన్నీ మల్ల దిగ్గొట్టించినా. గాలీ రాలా, పెండ్లికొడుకూ టయానికి రాలా."

"ఆ గాలి పక్కూరికి పోయింది."

"పెండ్లికొడుకు గూడా ఆడికే పోయింటాడు."

వాళ్లిద్దరూ ఇట్లా మాట్లాడుకోవడం మొదలుపెట్టి జీవితం గడిచిపోయింది. సెట్టి నాయన కాలంలో గౌస్ పీర్ వాళ్ల శామియానా అంగడికి పనికి వచ్చాడు. అప్పుడు సెట్టికి మీసం రాలేదు, ఇతనికి గడ్డం రాలేదు. ఇప్పుడు సెట్టి మీసం రాలిపోయినంత పలచబడింది, ఇతని గడ్డం గోరింటాకుతో ఎర్రబడింది. మనిషి పొడుగు. ఏండ్ల తరబడి తాడు లాగి లాగి నడుము ఒక పక్కకు ఒరిగింది, సరిగా బిగించని గుంజ మాదిరి. అరచేతులు పాత చెప్పు అడుగులా ఉంటాయి. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. ఒక గోరు ఊడి ఇంకొకటి వచ్చేలోపు మళ్లీ సుత్తె తగులుతుంది.

ఆ సుత్తె సంగతి ఊరందరికీ తెలుసు. చింతకొయ్య పిడి, ఒక పక్క అరిగిన తల. పని అయిపోగానే గుడ్డలు, గుంజలు సెట్టి గోడౌనుకు పోతాయి. సుత్తె మాత్రం గౌస్ పీర్ భుజం మీద ఇంటికి పోతుంది. మంచం కింద పడుకుంటుంది. భార్య దౌలత్ బీ కాపురానికి వచ్చిన కొత్తలో కసువు ఊడుస్తూ దాన్ని బయట పెడితే, ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదట.

తాడు ఎక్కడ వదులుగా కనిపించినా అతను ఓర్చుకోలేడు. చుట్టాల ఇంటికి పోతే ముందు వాళ్ల బట్టలారేసే తీగ లాగి చూస్తాడు. మంచి చెడ్డలు తర్వాత అడుగుతాడు. తన నికాహ్ రోజు శామియానా కూడా తనే వేసుకున్నాడు. ఖాజీ గారు ఒప్పుకుంటావా అని అడిగితే, అతను తల పైకెత్తి, "అయ్యా, ఆ మూల గుంజ వంగుతాండాది, ఒక్క నిమిషం" అని లేచిపోయాడు. పూలదండ మెడలో ఉండగానే మేకు కొట్టి, చేతులు దులుపుకుని వచ్చి కూర్చుని ఒప్పుకున్నాడు. దౌలత్ బీ ఈనాటికీ ఆ మాట ఎత్తుతుంది. "ఈయప్ప ముందు గుంజను ఒప్పుకున్యాడు, తర్వాత నన్ను" అంటుంది.

ఇప్పుడు కడుతున్నది పెళ్లి శామియానా కాదు. కప్పగుడ్డు.

పది రోజుల కిందట కాలేజీలో జువాలజీ చెప్పే పద్మప్రియ మేడమ్ అంగడి మెట్లెక్కి వచ్చింది. సన్నటి మనిషి, కర్నూలు వైపు ఆమె. భుజాన పెద్ద సంచి.

"ఎవురి పెండ్లి మేడమ్?" అన్నాడు సెట్టి.

"పెళ్లి కాదండీ. కప్పగుడ్డు కావాలి."

సెట్టి చలించలేదు. తామరపువ్వు స్టేజీ వేశాడు, విమానం స్టేజీ వేశాడు, ఒక నాయకుని పుట్టినరోజుకు గుమ్మడికాయంత కేకుకు కూడా పందిరి వేశాడు.

"యా సైజులో ఉండల్ల?" అన్నాడు.

మేడమ్ కాగితం మీద గుండ్రం గీసింది. పై సగం నలుపు, కింది సగం తెలుపు. మనుషులు లోపలికి పోయేటంత గుడ్డు. కాలేజీ సైన్సు ఎగ్జిబిషన్ రోజున అది తిరగాలి. అంతా కాదు, పైచర్మం మాత్రం. లోపల సొన అట్లే ఉండాలి, చర్మం దాని మీద కొంచెం పక్కకు జరగాలి.

"శామియానా తిరగల్నా?" అన్నాడు గౌస్ పీర్. అంతవరకు మూలన కూర్చుని మోకు పేనుతున్నాడు. అతని బతుకంతా శామియానా కదలకుండా చూడటమే. కదిలే శామియానా కావాలని ఒక మనిషి వచ్చి అడుగుతుందని అతను అనుకోలేదు.

"ఒక పక్కకు కొంచెం. అంతే తాతా."

"యాల తిరగల్ల?"

"తిరక్కపోతే కప్పకు వీపు రాదు."

గౌస్ పీర్ సెట్టి వైపు చూశాడు. సెట్టి గౌస్ పీర్ వైపు చూశాడు. ఇద్దరికీ అర్థం కాలేదు కానీ, వీపు రాకపోవడం మంచిది కాదని మాత్రం తోచింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర మనవరాలు సాజియా విడమర్చి చెప్పింది. సాజియా ఆ మేడమ్ దగ్గరే రెండో సంవత్సరం చదువుతోంది. గుడ్డు అంటే నీళ్ల తిత్తి కాదట. లోపల కంటికి కనిపించని గుంజలు, తాళ్లు ఉంటాయట. అవి లేకపోతే గుడ్డుకు రూపమే ఉండదు. మగకప్ప బీజం ఒక పక్క నుంచి లోపలికి వస్తుంది. రాగానే చర్మం అడుగున బారులు బారులుగా సన్నని గుంజలు లేస్తాయి. వాటిని పట్టుకుని చర్మం పక్కకు జరుగుతుంది. బీజం వచ్చిన దిక్కుకు ఎదురు దిక్కున బూడిద రంగులో నెలవంక మాదిరి ఒక చార పడుతుంది. అక్కడే కప్ప వీపు, అక్కడి నుంచే తల.

"ఆ గుంజలు లేయకపోతే?" అన్నాడు గౌస్ పీర్.

"వీపు ఉండదు, తల ఉండదు. ఒట్టి కడుపు ముద్ద."

"అంటే మా సెట్టి మాదిరి."

సాజియా నవ్వి, "చర్మం తిరిగినంక ఆ గుంజలు ఉండవు దాదా. కప్పలో యాడ ఎతికినా దొరకవు" అంది.

"మల్ల ఎవురు పీకినారు?"

"ఎవురూ పీకరు. వాటంతట అవే ఇడిపోతాయి."

గౌస్ పీర్ చేతిలో ముద్దను మళ్లీ కంచంలో పెట్టాడు. "పీకేది మాత్రం మాకు పెట్టినాడు దేవుడు" అన్నాడు.

ఆ పిల్ల నవ్వుతూ చెప్పింది గానీ, దాని గుబులు దానికి ఉంది. కాలేజీ కరస్పాండెంటు వీరభద్రారెడ్డి జువాలజీ గ్రూపు ఎత్తేస్తానంటున్నాడు. పిల్లలు చేరడం లేదు, ఆ గదుల్లో కంప్యూటర్లు పెడితే నిండుతారు అని ఆయన లెక్క. ఇప్పుడున్న పిల్లలు మూడో సంవత్సరం కడపకు పోయి చదువుకోవాలి. సాజియా నాయన నిస్సార్ మంగంపేట గనిలో లారీ తోలుతాడు. వారానికి ఒకసారి తెల్లపొడి కొట్టుకుని ఇంటికొస్తాడు. "కడప గిడప లేదు. ఆడపిల్లను హాస్టల్లో పెట్టేది లేదు. ఇంట్లో ఉండు" అని ఒక్క మాటలో తేల్చేశాడు. ఎగ్జిబిషన్ రోజు కరస్పాండెంటు చూసి మనసు మార్చుకుంటే సరి. లేకపోతే సాజియా చదువు ఇంతటితో ఆగినట్టే. అందుకే గుడ్డు తిరగాలి.

అందుకే గౌస్ పీర్ పది రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు.

సొన కోసం సెట్టి గోడౌనులో పాత వస్తువు ఒకటి దొరికింది. తిరిగే స్టేజీ. ఎప్పుడో రిసెప్షన్లకని కొన్నాడు. మొదటి పెళ్లిలోనే అది సగం తిరిగి నిలిచిపోయింది. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ వంటవాళ్ల వైపు తిరిగి కూర్చుని, ఫొటోలన్నీ వంకాయల బుట్టల ముందు తీయించుకోవాల్సి వచ్చింది. ఆనాటి నుంచి ఆ పేరెత్తితే సెట్టికి కోపం. గౌస్ పీర్ దాన్ని బయటకు లాగి, కింద పెద్ద చెక్క ఇరికించి కదలకుండా చేశాడు. దాని మీద పసుపుపచ్చ గుడ్డ పరిచి, నడుమ ఎర్ర మఖమలు కుర్చీ వేశాడు. గుడ్డ కింద గడ్డి మూటలు ఉబ్బెత్తుగా కూరాడు. అదే సొన.

చుట్టూ వెదురు బద్దలు వంచి, నడిమి గుంజ నెత్తిన ఇనప చుట్టకు వాటిని వేలాడదీశాడు. పైన నల్లగుడ్డ, కింద తెల్లగుడ్డ. అంచుకు వెదురు వలయం. దాని కింద ఇసుక పోశాడు, జారడానికి. నల్లగుడ్డలో ఒకచోట నెలవంక ఆకారంలో కిటికీ కోశాడు. లోపల స్టేజీకి బూడిదరంగు గుడ్డ పట్టీ నిలబెట్టాడు, కిటికీకి కొంచెం పక్కగా. స్టేజీ అంచున నిలబడిన పిల్లలు చర్మానికి కట్టిన తాళ్లు పట్టి ఒకే దిక్కుకు లాగితే, చర్మం జరిగి కిటికీ పట్టీకి ఎదురు కావాలి. బయట ఉన్నవాళ్లకు బూడిద నెలవంక కనిపించాలి.

అంతా బాగానే ఉంది. ఒక్కటే చిక్కు. చర్మానికి మేకు కొట్టకూడదు.

"తాతా, ఒక్క మేకు కూడా వద్దు" అంది పద్మప్రియ, ఆ పొద్దు అతని ముందు చేతులు జోడించి. "మీకు దండం పెడతాను."

"దాదా, నా మీద ఒట్టు" అంది సాజియా.

"కొట్టను లేమ్మా. చేతులు కట్టేసుకుంటా" అన్నాడు గౌస్ పీర్.

అన్నాడు గానీ, కట్టని గుడ్డ ముందు నిలబడటం అతనికి గుండీలు ఊడిన చొక్కాతో బజారుకు పోయినట్టుంది. పైగా ముందురోజు రాత్రి వాన పడింది. రాయచోటి నేల మామూలుగా రాయి. మేకు దిగేసరికి భుజం దిగిపోతుంది. ఆ పొద్దు నేల మాత్రం నానిన పప్పులా మెత్తగా ఉంది. ఒక్క దెబ్బకు దిగే నేల, కట్టని గుడ్డ, పడమట ఇటుకపొడి చార. మనిషి ఎంతకని తట్టుకుంటాడు?

లేచి పోయి సుత్తెను సెట్టి కుర్చీ కింద పెట్టాడు.

"ఇది నీ కాడ ఉండనీ సెట్టీ. నేనడిగినా ఈయొద్దు."

"అడిగితే తంతా" అన్నాడు సెట్టి సంతోషంగా.

ఆ వాన వల్లనే అసలు గుడ్లు కూడా దొరికాయి. కాలేజీ వెనక గుంతలో రాత్రంతా కప్పలు అరిచాయట. మేడమ్ తెల్లవారకముందే పోయి కొన్ని గుడ్లు తెల్ల బేసిన్‌లో తెచ్చి బల్ల మీద పెట్టింది. సాయంత్రం మళ్లీ ఆ గుంతలోనే వదలాలని పిల్లలకు గట్టిగా చెప్పింది. గుంజలు మోసే బొజ్జన్న, గౌస్ పీర్ ఇద్దరూ వంగి చూశారు. సబ్జా గింజలు నానబెట్టినట్టు ఉన్నాయి. జిగురులో నల్లటి చుక్కలు. మేడమ్ వాటిని చెంచాతో మెల్లగా బోర్లించింది. తెల్లటి అడుగు కనిపించింది. కాసేపటికి చూస్తే ఒక్కొక్కటీ నిదానంగా తిరిగి, నల్లవైపు పైకి తెచ్చుకుంది.

"ఎట్ల పండేసినా అట్లనే తిరుగుతాండాయే" అన్నాడు బొజ్జన్న. "మా ఆడదీ ఇంతే. ఎట్ల పండుకోమన్నా గోడపక్కకే తిరుగుతాది."

"ఇది బరువు వల్ల తిరిగేది. మేము చూపించే తిరుగుడు వేరే. ఇప్పటికే లోపల అయిపోయి ఉంటుంది" అంది మేడమ్. "అది కంటికి ఆనదు. అందుకే మీ గుడ్డు."

గౌస్ పీర్ బేసిన్ మీద నుంచి కళ్లు తీయలేదు. అంత చిన్న చుక్కలో గుంజలు లేచి, పని చేసి, వాటంతట అవే పోయినాయంటే, ఆ మేస్త్రీ ఎవరో చూడాలని అతనికి అనిపించింది.

పదకొండు దాటింది. ఎగ్జిబిషన్‌కు జనం వస్తున్నారు. కరస్పాండెంటు కారు రోడ్డు మలుపులో ఉందని ఎవరో అరిచారు. మేడమ్, సాజియా గేటు వైపు పరుగెత్తారు. బొజ్జన్న నీళ్లు తాగడానికి పోయాడు. గౌస్ పీర్ ఒక్కడే గుడ్డు పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు గాలి వచ్చింది. గాలి అని కూడా అనలేం. ఎవరో పక్కన నడిచి పోయినంత. నల్లగుడ్డ అంచు లేచింది. మళ్లీ పడింది.

గౌస్ పీర్ ఆకాశం చూశాడు. గుడ్డు చూశాడు. ఆ లోపల ఇంకాసేపట్లో ఊరి పెద్దమనిషి, పిల్లలు, తన మనవరాలు. గుడ్డ లేచి గుంజ పడితే?

ఆ తర్వాత ఏం జరిగిందో అతనికి సరిగా గుర్తు లేదు. సెట్టి కుర్చీలో గడ్డం రొమ్ముకు ఆనించి కునుకు తీస్తున్నాడు. గౌస్ పీర్ చేయి కుర్చీ కిందికి పోయింది. సుత్తె చేతికొచ్చింది. నేల మెత్తగా ఉండనే ఉంది. చుట్టూ తిరిగి ఒక్కో అడుగుకు ఒక్కో మేకు, ఒక్కో మేకుకు ఒక్కో దెబ్బ. తాడు చుట్టి, మెలేసి, కాలితో తొక్కి బిగించాడు. చివరి ముడి వేసి, గుడ్డను అరచేత్తో తట్టి చూశాడు. డోలు మాదిరి మోగింది. అతని ప్రాణం కుదుటపడింది. సుత్తెను తీసుకుపోయి మళ్లీ సెట్టి కుర్చీ కిందే పెట్టాడు.

చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిన తర్వాత గానీ ఏం చేశాడో అతని బుర్రకు ఎక్కలేదు. అప్పటికే వీరభద్రారెడ్డి తెల్లచొక్కా, పెద్ద మీసం, వెనక పరివారంతో గుడ్డు దగ్గరికి వచ్చేశాడు.

"మేడమ్, ఒక మాట" అన్నాడు గౌస్ పీర్. పరివారం గోలలో అది వినపడలేదు. పద్మప్రియ అటు చూడలేదు.

"ఏమిదంతా? సర్కస్సా?" అన్నాడు వీరభద్రారెడ్డి.

"కప్పగుడ్డు సార్" అంది సాజియా. "మీరు ఈ వాకిలి నుంచి లోపలికి రావల్ల సార్. మీరు యా దిక్కు నుంచి వస్తే, దానికి ఎదురు దిక్కున కప్పకు వీపు వస్తాది."

"నేను వస్తేనా? మరి ఇందులో నేనెవురు?"

వెనక ఉన్న ఆడపిల్లలు కొంగులు, చున్నీలు నోట్లో కుక్కుకున్నారు. సాజియా తాత వైపు ఒకసారి చూసి, నేల చూసి, "మీరు వచ్చినాయన సార్" అంది.

వచ్చినాయన లోపలికి వచ్చాడు. ఎర్ర మఖమలు కుర్చీలో కూర్చోబెట్టారు. స్టేజీ అంచున పిల్లలు చుట్టూ నిలబడి తాళ్లు పట్టుకున్నారు. గౌస్ పీర్ వాకిలి గుడ్డ పట్టుకుని, పోయే ప్రాణాన్ని పట్టుకున్నట్టు నిలబడ్డాడు.

"ఇప్పుడు చర్మం కింద గుంజలు లేచినాయి సార్" అంది సాజియా. "వాటిని పట్టుకుని చర్మం తిరుగుతాది, చూడండి. లాగండే!"

లాగారు. చర్మం కదల్లేదు.

"గట్టిగ!"

గట్టిగా లాగారు. గౌస్ పీర్ వేసిన ముడి ఏ పెళ్లిలోనూ ఊడలేదు, ఈడ ఊడుతుందా? చర్మం రాతిగోడలా నిలబడింది. పద్మప్రియ మొహం కిందిగుడ్డ కంటే తెల్లబడింది. వంగి అంచు ఎత్తి చూసి, మేకులు చూసి, వాకిట్లో గౌస్ పీర్‌ను చూసింది. ఆ చూపుకు అతను తల వంచుకున్నాడు.

"అందరూ ఒక్కసారే! ఐసా!" అని ఎవరో పిల్ల అరిచింది. అందరూ కాళ్లు తన్నిపెట్టి లాగారు. స్టేజీ కింద ఇరికించిన చెక్క టప్పుమని ఎగిరిపోయింది. వంకాయల బుట్టల నాటి నుంచి మొండికేసి కూర్చున్న ఆ స్టేజీ, కిర్రుమని ఒక్క అరుపు అరిచి తిరిగింది. దానితో పాటు పిల్లలు, గడ్డిమూటలు, ఎర్ర కుర్చీ, కుర్చీలో వీరభద్రారెడ్డి తిరిగారు. ఆయన రెండు చేతులతో నడిమి గుంజను కావలించుకున్నాడు.

"రేయ్! రేయ్! ఎవుర్రా!" అన్నాడు.

స్టేజీ కొంచెం తిరిగి నిలిచింది. బయట జనం ఒక్కసారిగా ఓ అన్నారు. నల్లగుడ్డ కిటికీలో బూడిద నెలవంక వచ్చి నిలబడింది. ఆ నెలవంక పక్కనే వీరభద్రారెడ్డి మీసంలో సగం కూడా కనిపించింది.

లోపల పిల్లలు తాళ్లు పట్టుకుని బిగుసుకుపోయారు. సాజియా తాత వైపు చూసింది. తల వంచుకుని, చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. ఆ నల్లటి గోరు కూడా కనిపించకుండా పిడికిలి మూసుకున్నాడు.

"చూసినారు గదా సార్" అంది సాజియా. ఈసారి నేల చూడలేదు. "చర్మం తిరిగినా, లోపలి సొన తిరిగినా లెక్క ఒకటే. ఒకదాని మీద ఒకటి జరగల్ల, అంతే. ల్యాబుల్లో గుడ్డును జిగురులో పాతి, చర్మం కదలకుండా పట్టేస్తారు. అప్పుడు అచ్చం ఇట్లనే లోపలిది తిరుగుతాది. మా మేడమ్ క్లాసులో చెప్పినారు. అది చూపించల్లనే మేము మా దాదాతో మేకులు కొట్టించినాం."

"అవును సార్" అంది పద్మప్రియ, ఊపిరి తీసుకుని. "నిజమే."

వీరభద్రారెడ్డి గుంజను మెల్లగా వదిలాడు. కిటికీలోంచి తనను చూస్తున్న జనాన్ని చూశాడు. మీసం సవరించుకున్నాడు.

"అంటే ఇప్పుడు కప్పకు వీపు వచ్చినట్టేనా?"

"వచ్చింది సార్. తల గూడా ఆ పక్కనుంచే."

"నా పెండ్లిలో ఇట్లాంటి స్టేజీ లేకపాయె" అన్నాడాయన ఎటో చూస్తూ. తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "ఇంగొకసారి తిప్పండి. నిదానంగా."

ఆయనను మూడు వీపులు వచ్చేంత తిప్పారు. దిగేటప్పుడు కొంచెం తూలి, సాజియా భుజం పట్టుకుని నిలబడి, "ఈ గ్రూపు ఉండనీ మేడమ్. ఈ పిల్లోళ్లు ఈడనే ముగించుకోనీ. ఆపైన చూస్తాం. కంప్యూటర్లలో ఏముందప్పా, కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉంటాడు" అన్నాడు.

పిల్లలు అరిచిన అరుపుకు సెట్టి కునుకు లోంచి ఉలిక్కిపడి లేచి, మొదట కుర్చీ కింద చూసుకున్నాడు. సుత్తె ఉంది. "చూసినావా, నేనుండబట్టి ఈయప్ప చేయి కదిలించలా" అన్నాడు బొజ్జన్నతో గర్వంగా. బొజ్జన్న గుడ్డు చుట్టూ మేకులు చూసి, సెట్టిని చూసి, ఇంకొంచెం నీళ్లు తాగడానికి పోయాడు.

గౌస్ పీర్ ఆ గోలలో లేడు. గుడ్డు వెనక నిలబడి పడమర చూస్తున్నాడు. దూది విడిపోయింది. ఇటుకపొడి చార ఎప్పుడో కరిగిపోయింది. నీలంగా, ఖాళీగా ఉంది ఆకాశం. ఆకు కదల్లేదు. ఆ పొద్దంతా మళ్లీ గాలి రానే లేదు.

సాజియా వచ్చి పక్కన నిలబడింది.

"ఒట్టు పెట్టినా గదా దాదా."

"పెట్టినావు."

"మల్ల?"

అతను అరచేతులు రెండూ ముందుకు చాచి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. "నేను కొట్టొద్దనే అనుకున్యా సాజీ. ఇవి ఇనల్యా" అన్నాడు. ఆ పిల్ల ఆ చేతులు రెండూ పట్టుకుని ఊపి, నవ్వి, స్నేహితురాళ్ల వైపు పరుగెత్తింది. దాని నవ్వులో కోపం లేదు. అందుకే అతనికి నవ్వు రాలేదు.

పొద్దు వాలాక గుడ్డు విప్పారు. గౌస్ పీర్ ముడులు విప్పడం కట్టడం కంటే నిదానంగా చేస్తాడు. నల్లగుడ్డ మడత, తెల్లగుడ్డ మడత, వెదురు బద్దల కట్ట. మేకులు పీకి సంచిలో వేశాడు. తర్వాత, ఏ పందిరి ఎత్తినా చేసినట్టే, ఒక్కో మేకు గుంతలో మట్టి తోసి, మడమతో అదిమి, చెంబు నీళ్లు చిలకరించాడు. పందిరి ఎత్తేసిన చోట గుర్తు కనబడకూడదని సెట్టి నాయన నేర్పిన పని. ఎంతమంది పెళ్లిళ్లు, ఎంతమంది చావులు, ఎన్ని పుట్టువెంట్రుకలు ఆ గుడ్డల కింద జరిగాయో లెక్కలేదు. మరుసటి రోజు పొద్దున పోయి చూస్తే ఒట్టి నేల ఉంటుంది. కాపురాలు మాత్రం నడుస్తూ ఉంటాయి.

మేడమ్ బేసిన్ పట్టుకుని గుంత వైపు పోతూ ఆగింది. "తాతా, వదిలే ముందు ఒకసారి చూస్తారా? రాత్రి ఒక్క కణంగా ఉన్నవి ఇప్పటికి వందల కణాలు అయి ఉంటాయి" అంది. అతను వంగి చూశాడు. నల్లచుక్కలు పొద్దున ఎట్లున్నాయో అట్లనే ఉన్నట్టు కనిపించాయి.

"వీపు యాడుందో వాటికి తెలిసిపోయింటాది గదా మేడమ్?"

"తెలిసిపోయి ఉంటుంది."

"మంచిది" అన్నాడు గౌస్ పీర్. "పోనీండి."

సామాను ఆటోకు ఎక్కించే ముందు, పందిరి ఎత్తేసిన నేల మీదే కూర్చుని తినడం వాళ్ల రివాజు. రెండు ఇళ్ల క్యారియర్లూ విప్పారు. దౌలత్ బీ రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. సెట్టి భార్య రాజ్యలక్ష్మమ్మ చిత్రాన్నం, అలసందల వడలు పెట్టింది. సెట్టి మోకాళ్లు నొప్పి, కుర్చీ దిగడానికి కాసేపు పడుతుంది. దిగి, కుర్చీకి వీపు ఆనించి కూర్చున్నాడు. బొజ్జన్న, సాజియా, గౌస్ పీర్ ఎదురుగా.

ఈ కూడు దగ్గర ఒక మాట ఉంది. ఏండ్లుగా ఉంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోకముందు గౌస్ పీర్, "ఇదే కడాది సెట్టీ. ఇంగ నా చేత గాదు" అంటాడు. సెట్టి, "ఆ, పోయిన పెండ్లికీ ఇదే చెప్తివి" అంటాడు. అక్కడి నుంచి ఇద్దరికీ గొడవ. గొడవ అయ్యేసరికి కూడు అయిపోతుంది. గౌస్ పీర్ సుత్తె భుజాన వేసుకుని లేస్తాడు. మళ్లీ పెళ్లికి ఇద్దరూ వస్తారు.

సెట్టి జవాబు నాలుక చివర పెట్టుకుని చూస్తున్నాడు. గౌస్ పీర్ సంగటి తుంచాడు. ఊరిబిండి అద్దాడు. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు.

"ఏం పీరూ, ఏమన్నా చెప్పేదుండాదా?" అన్నాడు సెట్టి.

"ఏం లేదు సెట్టీ."

సెట్టి చేతిలో వడ సగంలో ఆగింది. గౌస్ పీర్ మొహం చూశాడు. చేతులు చూశాడు. ఆ తర్వాత వడను రెండుగా తుంచి, ఒక సగం గౌస్ పీర్ సంగటి పక్కన పెట్టాడు. గౌస్ పీర్ సంగటిలో ఒక ముద్ద తీసి సెట్టి ఆకులో పెట్టాడు. బొజ్జన్న ఇద్దరినీ చూసి చిత్రాన్నం కలుపుకున్నాడు. సాజియా తాత వైపు కొంచెం జరిగి కూర్చుంది. కాలేజీ వెనక గుంతలో కప్ప ఒకటి మొదలుపెట్టి, ఎవరూ జవాబు ఇవ్వకపోయేసరికి ఆపేసింది.

తిన్నారు. చేతులు కడుక్కున్నారు. ఆటో కదిలింది. గౌస్ పీర్ వట్టి భుజాలతో, మనవరాలి పక్కన నడిచి రోడ్డెక్కాడు.

మైదానంలో నేల చదునుగా ఉంది. సెట్టి ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. అతని వెనక, ప్లాస్టిక్ కుర్చీ కింద, చింతకొయ్య పిడి సుత్తె పొద్దున పెట్టిన చోటే ఉంది.